హనుమమ్మకు మిగిలిన రెండు గంటలు

దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని ఎవరు పుట్టించారో గానీ, వాళ్లు మద్దెలకల్ దవాఖాన చూసినవాళ్లు కారు. ఇది జరిగింది పట్టపగలు. గోడ గడియారంలో అప్పుడు మూడు దాటి పది నిమిషాలు. గేటు బయట బండి మీద మిర్చిబజ్జీల నూనె కాగుతూనే ఉంది.

నారాయణపేట నుంచి పెద్దవాగు దిక్కు పోతే, చివరి బస్సు వెనక్కి మళ్లే జాగా మద్దెలకల్. మగ్గాల ఊరు. ఆ ఊరి దవాఖాన వెనక వరండాకు రేకులు కప్పి, గోడలకు తెల్ల టైల్సు అంటించి, రెండు డయాలసిస్ మిషన్లు పెట్టారు. కిడ్నీలు పోయిన మనుషులకు వారానికి మూడుసార్లు నెత్తురు కడిగే గది అది. అది రాకముందు చుట్టుపక్కల పద్నాలుగు ఊర్ల రోగులు పాలమూరు దాకా పోవాల్సి వచ్చేది. పోయేటప్పుడు కూర్చున్న మనిషి, వచ్చేటప్పుడు బస్సు సీట్ల మీద అడ్డంగా పడుకుని వచ్చేవాడు.

ఆ రెండు మిషన్లకు రాజు విజేందర్. టెక్నీషియన్. ఆయన సూది గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. ఎండు కట్టెలాంటి చెయ్యి ముందు పెట్టినా, వేలు ఆనించి, కండ్లు మూసుకుని, రోగి "అబ్బా" అనే లోపల దింపేస్తాడు. హైదరాబాదులో ముగ్గురు పెద్ద డాక్టర్లు వరుసగా గుచ్చి గుచ్చి చేతులెత్తేసిన ఒక ముసలాయనకు, కరెంటు పోయిన గదిలో, పండ్ల మధ్య టార్చి కరిచి పట్టుకుని, ఒకే పోటుకు నరం అందుకున్నాడు. ఆ ముసలాయనకు నిద్ర కూడా చెదరలేదు! నమ్మకపోతే మీ ఇష్టం. ఆరేండ్లు. వేల మంది చేతులు. ఆయన చేతి కింద ఒక్క ప్రాణం పోలేదు.

ఒక్కటి తప్ప.

ఆ రోజు విజేందర్‌కు మద్దెలకల్‌లో ఆఖరి రోజు. చొక్కా జేబులో చిట్యాల బదిలీ కాగితం మడత పెట్టి ఉంది. భార్య శ్రీలత అక్కడే టీచరు. మూడేండ్ల బిడ్డ తండ్రిని ఫోనులో చూసి చూసి, ఎదురుగా కనబడితే గుర్తుపట్టక ఏడుస్తోంది. ఈ ఒక్క షిఫ్టు అయిపోతే చాలు. మొదటి మంచం మీద ఉన్న మనిషిని క్షేమంగా మిషన్ నుంచి దింపాలి, బ్యాగు భుజాన వేసుకోవాలి, ఐదున్నర బస్సెక్కాలి. అంతే.

మొదటి మంచం మీద ఉన్నది కృష్ణకాంత్. రోడ్లు వేసే గుత్తేదారు. భారీ మనిషి. రెండు కిడ్నీలు పోయినా గొంతు మాత్రం పోలేదు. రెండో మంచం ఖాళీ. దాని పక్క మిషన్ మూడు నెలలుగా చెడిపోయి, ప్లగ్గు పీకి, దుప్పటి కప్పి ఉంది.

"ఏందన్నా, రేపటి సంది చిట్యాల దొరవా? మేం ఫోన్ చేస్తే ఎత్తుతవా లేదా?" అంది నర్సు సుమన, బీపీ పట్టీ చుడుతూ.

"నీది ఎత్త చెల్లె. ఎత్తితే జీతమెప్పుడొస్తదని అడుగుతవ్."

"అడగకుంటే నువ్వే ఇస్తవా?"

కృష్ణకాంత్ కండ్లు తెరవకుండానే నవ్వాడు. "విజేందరూ, పోయినంక నన్ను యాది చేస్కో. నేను ఒక్క మాట అనకపోతే నీ కాగితం కదులుతుండెనా?"

విజేందర్ నవ్వలేదు. సుమన కూడా ముఖం తిప్పుకుంది. ఆ ఒక్క మాట ఎందుకు అన్నాడో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

అది తెలియాలంటే ముందు నెత్తురు వాపసు చేయడం గురించి తెలియాలి.

చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదానిలోంచి నెత్తురు గొట్టంలోకి వస్తుంది. గుండ్రంగా తిరిగే పంపు దాన్ని వడపోత గొట్టంలోకి తోస్తుంది. కడిగిన నెత్తురు రెండో సూదిలోంచి మళ్లీ ఒంట్లోకి పోతుంది. నాలుగు గంటలు. నాలుగు గంటలు అయ్యాక కూడా గొట్టాల్లో ఒక గిలాసెడు నెత్తురు మిగిలే ఉంటుంది. సెలైన్ నీళ్లు ఎక్కించి, ఆ నీళ్లు వెనక నుంచి నెడుతుంటే ఆ గిలాసెడూ మనిషి ఒంట్లోకి చేర్చాలి. గొట్టాలు ఎర్రటివి గులాబీ రంగుకు, గులాబీవి తెల్లగా మారాలి. అప్పుడే సూది తీయాలి. కిడ్నీలు లేని మనిషికి నెత్తురు పుట్టడమే కష్టం. ఒక గిలాసెడు పోతే మళ్లీ ఊరడానికి నెలలు పడుతుంది.

మద్దెలకల్ రోగుల్లో ఈ వాపసు మీద పట్టింపు అందరికంటే ఎక్కువ హనుమమ్మకు. నలభై ఏండ్లు చీరలు నేసిన మనిషి. ఒంటి నుంచి ఎప్పుడూ పడుగు నూలుకు పట్టించే పుల్లటి గంజి వాసన. గొట్టం చివరిదాకా తెల్లబడే వరకు కన్నార్పేది కాదు.

"గాడ జర ఎర్రగున్నది సూడు బిడ్డా. మీ మిషన్‌కు బొట్టు పెట్టనీకి ఉంచుకున్నవా?"

"ఒక్క చుక్కనే అవ్వా."

"పోగు తెగితే ఒక్క పోగే కదా అని ఇడుస్తమా? చీరంత పోతది. నాది నాకియ్యి."

శ్రావణంలో వాగు పొంగింది. పొంగడమంటే మామూలుగా కాదు. నీళ్లు వస్తున్న చప్పుడుకు పది మైళ్ల అవతల గోడల మీది పటాలు కిందపడ్డాయంటారు. రెండు దిక్కులా రోడ్డు తెగింది. కరెంటు స్తంభాలు అగ్గిపుల్లల్లా ఒరిగాయి. నాలుగు రోజులు మద్దెలకల్ ఒక దీవి. రెండో మిషన్‌లోకి నీళ్లు పోయింది అప్పుడే. మిగిలింది ఒక్క మిషన్. జనరేటర్‌లో మిగిలిన డీజిల్ నాలుగు గంటలది.

ఆ రోజు వంతు హనుమమ్మది. ఆమె భర్త జంగయ్య ఆమెను ట్రాక్టర్ ట్యూబు మీద కూర్చోబెట్టి, గొంతు లోతు నీళ్లలో మైలున్నర నెట్టుకుంటూ తెచ్చాడు. గడప పక్కన ఉండే తూకం మీద నిలబెడితే నలభై ఒకటి పాయింట్ ఆరు.

"ముప్పై తొమ్మిది ఉండాలె నువ్వు. రెండున్నర కిలోల నీళ్లు దాచుకొచ్చినవ్ అవ్వా," అన్నాడు విజేందర్.

"వాగులకెల్లి వస్తి కద బిడ్డా. వాగు జర తక్కువ పొంగాలని నేనింత తాగొచ్చిన."

రెండు గంటలు నడిచింది. అప్పుడొచ్చాడు కృష్ణకాంత్. జేసీబీ తొట్టిలో కూర్చుని వచ్చాడు, దేవుడు ఊరేగినట్టు. ఆయన వంతు మర్నాడు. ఆయాసం లేదు, వాపు లేదు. ఉన్నదల్లా భయం.

"డీజిల్ ఎంతున్నది?"

"రెండు గంటలది సార్. అవ్వకు ఇంక రెండు గంటలు కావాలె."

"ఆమెను దించు. నన్నెక్కియ్యి. నువ్వు చిట్యాల అంటుంటివి కద? నేను చూస్కుంట."

విజేందర్ మిషన్ దిక్కు చూశాడు, హనుమమ్మ దిక్కు చూశాడు, తర్వాత నేల దిక్కు చూశాడు. వాపసు చేయడానికి సెలైన్ బాటిల్ అందుకోబోయాడు.

"వాపసుకు ఎంతసేపు?"

"పది నిమిషాలు సార్."

"పది నిమిషాల డీజిల్ నాది. కట్ చెయ్యి."

విజేందర్ క్లిప్పులు బిగించాడు. గొట్టాలు కోశాడు. వేల మంది చేతులు చూసిన ఆ చెయ్యి అప్పుడు కూడా వణకలేదు. అదే చిత్రం.

"నా నెత్తురు ఇంక అండ్లనే ఉన్నది బిడ్డా," అంది హనుమమ్మ. అరవలేదు. మగ్గం పక్కన కూర్చుని ఎవరికో పోగు చూపించినట్టు చెప్పింది.

"గిలాసెడే అవ్వా. ఏం కాదు."

"నాకింక రెండు గంటలున్నయ్ కద."

"రేపు చేస్త. ఒట్టు."

పొద్దుగూకక ముందే, వరద బాధితులను ఉంచిన బడి వరండాలో హనుమమ్మ పోయింది. పదకొండో రోజు జంగయ్య వచ్చాడు. కొట్లాడలేదు. తువ్వాల చేతుల్లో పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"సారూ, ఆమె నెత్తురు యాడేసిండ్రు? మా దాంట్ల మనిషిని నిండుగ మట్టికియ్యాలె. బొందల పోస్త. ఎండిపోయినా సరే."

ఆ గొట్టాలు వేసిన పసుపు సంచి దవాఖాన వెనక షెడ్డులోంచి వాగులోకి కొట్టుకుపోయింది. విజేందర్ కండ్లారా చూశాడు. అయినా, "చెత్త బండ్ల పోయింది తాతా, కాలబెట్టిండ్రు," అన్నాడు.

జంగయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఐతే ఆమెనే వచ్చి అడుగుతదిలే," అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మూడు దాటి పది నిమిషాలు అని చెప్పాను కదా. ఆ క్షణాన వాన దిగింది. పైన ఎవరో జూరాల డ్యాము గేట్లన్నీ ఒక్కసారే ఎత్తినట్టు దిగింది. రేకుల మీద ఆ మోతకు పక్కనున్న మనిషి మాట వినబడదు. మధ్యాహ్నం కాస్తా గది మూలల్లోంచి నల్లబడుతూ వచ్చింది. బజ్జీల బండివాడు స్టవ్ ఆర్పేసి పరుగు తీశాడు.

కరెంటు పోయింది.

కంగారు పడాల్సిన పని లేదు. మిషన్ లోపల బ్యాటరీ ఉంటుంది. ఇరవై నిమిషాలు పంపును తిప్పుతుంది. ఆ లోపల నెత్తురు వాపసు చేసి మనిషిని విప్పెయ్యాలి. బ్యాటరీ కూడా పోతే పంపుకు ఒక పిడి తగిలించి చేత్తో తిప్పాలి. అదీ పద్ధతి. విజేందర్ ఇట్లా కండ్లు మూసుకుని రెండు వందల సార్లు చేసి ఉంటాడు.

"అన్నా, నేను జనరేటర్ చూసొస్త," అని సుమన గొడుగు తీసుకుని వెనకకు పోయింది. తలుపు మూసుకుంది. రెండు నిమిషాలకు ఆమె ఫోన్. "వాకిట్ల మోకాలు లోతు నీళ్లొచ్చినయ్ అన్నా. నేను పాత వార్డు మెట్ల మీదున్న. ఇటు దిక్కు దాటరాకుండ ఉంది. జనరేటర్ మునిగింది. నువ్వు సార్‌ను దించెయ్యి."

"దించేస్తున్న. నువ్వు ఆడనే ఉండు."

ఫోన్ పెట్టేసి టార్చి వెలిగించాడు. గంట కొట్టినట్టు ఒక చిన్న చప్పుడు.

టింగ్.

గడప పక్కన, బ్యాటరీతో నడిచే తూకం. ఎవరైనా ఎక్కితేనే దాని అంకెలు వెలుగుతాయి. ఇప్పుడు వెలిగాయి. చీకట్లో ఎర్రగా.

41.6

విజేందర్ అటే చూస్తూ నిలబడ్డాడు. తేమకు తిక్క పట్టి ఉంటుంది అనుకున్నాడు. పోయి మీట నొక్కి ఆపేశాడు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో...

టింగ్.

41.7

"ఏందది?" అన్నాడు కృష్ణకాంత్.

"తూకం సార్. ఖరాబైంది."

గదిలోకి ఒక వాసన వచ్చింది. ముందు తేమ వాసన అనుకున్నాడు. కాదు. పుల్లగా... పలుచగా... రాత్రంతా నానిన గంజి వాసన. దాని వెనకే తడిసిన నూలు వాసన.

"విజేందరూ... జర దుప్పటి కప్పు. సల్లగైతున్నది."

"రెండు నిమిషాలు సార్. వాపసు చేసి దించేస్త."

సెలైన్ తగిలించాడు. ఒంట్లోంచి నెత్తురు వచ్చే గొట్టానికి క్లిప్పు బిగించాడు. ఇక ఆ దారి బంద్. ఇప్పుడు నీళ్లు వెనక నుంచి నెడితే, మిగిలిన నెత్తురు కృష్ణకాంత్ ఒంట్లోకి పోవాలి. టార్చి గొట్టాల మీదికి తిప్పాడు.

క్లిప్పు బిగించిన గొట్టం ఎర్రగా ఉంది. ఉబ్బి ఉంది. నెత్తురు క్లిప్పును దాటి వస్తూనే ఉంది.

వాపసు పోయే గొట్టం తెల్లగా ఉంది.

నీళ్లలా. అద్దంలా. ఒక్క ఎర్ర జీర లేదు.

కృష్ణకాంత్ ఒంట్లోంచి నెత్తురు వస్తోంది. ఒంట్లోకి నీళ్లు పోతున్నాయి. మధ్యలో నెత్తురు ఏమవుతోంది? కారలేదు. నేల మీద చుక్క లేదు. పక్క తడవలేదు.

టింగ్. 41.9

టింగ్. 42.0

విజేందర్ ఆపే మీట నొక్కాడు. పంపు ఆగలేదు. మళ్లీ నొక్కాడు. గట్టిగా గుద్దాడు. మిషన్ తెర ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది. బ్యాటరీ పోయింది. ఇంకేం తిరగదు, తిరగడానికి వీల్లేదు.

పంపు తిరుగుతోంది. టక్... టక్... టక్... మగ్గం నేసే లయలో.

ఆ చప్పుడు ఒక్క చోటి నుంచి రావడం లేదు. విజేందర్ మెల్లగా టార్చి రెండో మంచం దిక్కు తిప్పాడు. మూడు నెలలుగా చచ్చి పడి ఉన్న మిషన్ మీది దుప్పటి కింద ఏదో గుండ్రంగా తిరుగుతోంది. ఖాళీ పక్క మధ్యలో గుంట పడి ఉంది. బక్క మనిషి పడుకుంటే పడేంత గుంట.

దిండు మీది గుంటలోంచి గుసగుసగా...

"నాకింక రెండు గంటలున్నయ్ బిడ్డా."

కృష్ణకాంత్ కూడా విన్నాడు. ఆయన ముఖం అప్పటికే మైదా పిండిలా ఉంది. పెదవులు లేవు, గీతలున్నాయి.

"ఎవరు... ఎవరది?"

కృష్ణకాంత్ లేవబోయి మళ్లీ దిండు మీదికి ఒరిగాడు.

"తియ్యి... సూది తియ్యి విజేందరూ... కొయ్యి గొట్టాలు..."

కత్తెర ట్రేలోనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. కోసేస్తే గొట్టాల్లో ఉన్నది పోతుంది, మనిషి బతుకుతాడు. విజేందర్ చెయ్యి చాపాడు.

"వాపసియ్యకుండ కొయ్యకు," అంది ఆ గొంతు. కోపంగా లేదు. చాలా ఓపికగా ఉంది. అదే భయం. "గా పద్ధతి నువ్వే చెప్తివి కద."

చెయ్యి గాల్లోనే ఆగింది.

"అవ్వా... తప్పైంది..."

"నువ్వేం చేసినవ్ బిడ్డా? నీకు భయమైంది. నీకు బిడ్డ ఉన్నది. పో. తలుపు తీసే ఉన్నది సూడు."

మూసుకున్న తలుపు బార్లా తెరిచి ఉంది. బయట వాన తెల్లటి తెరలా పడుతోంది. దాని అవతల వాకిలి. వాకిలి అవతల మెట్లు. మెట్ల అవతల చిట్యాల.

"ఐదున్నర బస్సు ఉన్నది కద. పో. ఈయన సంగతి నేను చూస్కుంట."

"విజేందరూ!" కృష్ణకాంత్ చెయ్యి గాలిలో లేచింది. ఆ వేళ్లు విజేందర్ చొక్కా అంచును పట్టుకున్నాయి. రోడ్లు వేయించిన చేతులు, జేసీబీలను సైగతో నడిపించిన చేతులు, ఇప్పుడు దారం పోగంత బలం కూడా లేదు వాటిలో. "పోకు... నీ కాళ్లు మొక్కుత... పోకురా..."

పంపుకు తగిలించే పిడి గోడకు వేలాడుతోంది. దాన్ని తీసి వెనక్కి తిప్పి చూడొచ్చు. కత్తెరతో కోయొచ్చు. కనీసం సూదులు పీకి, వేళ్లతో అదిమి పట్టుకుని కూర్చోవచ్చు. ఆరేండ్లలో ఒక్కటి తప్ప ఏ ప్రాణమూ పోనియ్యని చెయ్యి అది.

విజేందర్ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకున్నాడు.

పరుగెత్తాడు.

గడప దగ్గర తూకం అడ్డంగా జరిగి ఉంది. దాని మీద కాలు పెట్టకుండా దాటడానికి జాగా లేదు. కాలు పెట్టాడు. డెబ్బై ఎనిమిది కిలోల మనిషి నిండుగా ఎక్కాడు.

టింగ్.

44.2

ఆయన బరువు ఒక్క గ్రాము కూడా అందులో కలవలేదు.

అప్పుడే ఎడమ మోచేతి మడతలో చురుక్కుమంది. ఒకసారి. ఇంకోసారి. నొప్పి తెలిసే లోపలే, నేర్పుగా, ఆయనే గుచ్చినంత నేర్పుగా. చెవి పక్కన గంజి వాసన ఊపిరి.

"గప్పుడు గూడ గిట్లనే పోయినవ్ బిడ్డా."

విజేందర్ నడుము లోతు నీళ్లలో పడ్డాడు. ఎట్లా దాటాడో ఆయనకు తెలియదు. సుమన మెట్ల మీది నుంచి వంగి చొక్కా పట్టుకుని లాగింది. "సార్ ఏడి? సార్‌ను దించినవా అన్నా? అన్నా, నిన్నే! మాట్లాడు!" ఆయన ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వాన రెండు గంటలు కురిసింది. నిమిషం ఎక్కువ కాదు, నిమిషం తక్కువ కాదు. కోసినట్టు ఆగిపోయింది.

నీళ్లు తగ్గాక నలుగురు లోపలికి పోయారు. కృష్ణకాంత్ కండ్లు తెరుచుకుని పడి ఉన్నాడు. సున్నం వేసిన గోడకూ ఆయన ముఖానికీ తేడా తెలియలేదు. గొట్టాలు తెల్లగా ఉన్నాయి. వడపోత గొట్టం అప్పుడే కవరు చించి తీసినంత తెల్లగా ఉంది. సుమన మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికింది. పక్క కింద, మిషన్ కింద, మోరీలో. ఎక్కడా ఒక్క ఎర్రటి మరక లేదు.

రెండో మంచం పక్క మాత్రం నీటుగా మడత పెట్టి ఉంది. పని అయిపోయి లేచి వెళ్లిన మనిషి సర్దినట్టు.

పై నుంచి వచ్చినవాళ్లు విచారణ చేశారు. కరెంటు పోవడం, బ్యాటరీ పాతది కావడం, రోగి గుండె ముందే బలహీనంగా ఉండడం అని రాసుకున్నారు. నెత్తురు సంగతి రాయలేదు. అది రాయడానికి వాళ్ల ఫారంలో గడి లేదు. సుమన వాళ్లకేమీ చెప్పలేదు. విజేందర్ వెళ్లేముందు మాత్రం ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని చొక్కా చేతిని పైకి తోసింది. మోచేతి మడతలో రెండు సూది గుర్తులు. వాటి మీద పద్ధతి ప్రకారం దూది పెట్టి ఉంది. దాన్ని నూలు పోగుతో కట్టి ఉంది. తెగిన పడుగును అతికేటప్పుడు నేతగాళ్లు వేసే చిన్న ముడి.

"ఎవరు కట్టిండ్రన్నా?"

విజేందర్ పోగు తెంపి పారేశాడు. "ఎవరు కడ్తరు? వాన్ల ఏదో చుట్టుకుంది."

చిట్యాల చేరాడు. బిడ్డ మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు చెయ్యి పట్టుకుంది. మూడో రోజుకు ఛాతీ మీద ఎక్కి నిద్రపోయింది. శ్రీలత కోడికూర వండింది. విజేందర్ కడుపునిండా తిన్నాడు, ఆదమరిచి నిద్రపోయాడు. జ్వరం లేదు, నీరసం లేదు. మద్దెలకల్ కంటే ఇక్కడే ఒంటికి పట్టినట్టుంది. అంతా ఎక్కడో చదివిన కథలా దూరమవుతోంది అనుకున్నాడు.

కొత్త సెంటరులో చేరినవాళ్లకు నెత్తురు పరీక్షలు చేయడం అక్కడి పద్ధతి. శుక్రవారం ల్యాబ్‌లో స్నిగ్ధ అనే అమ్మాయి ఆయన చేతి నుంచి ట్యూబెడు తీసింది. సోమవారం పొద్దున ఆమే పిలిచింది. ల్యాబ్ తలుపు దగ్గరికి వేసింది.

"సార్, కోపం చేస్కోకండ్రి. శుక్రవారం తీసిన శాంపిల్ మీదేనా?"

"నువ్వే తీసినవ్ కదమ్మా, నా చేతికెల్లి. ఎందుకు?"

"నేను మూడుసార్లు పెట్టిన సార్. మూడుసార్లు గదే వచ్చింది." కాగితం ఆయన ముందుకు జరిపింది. "మీకు తెల్వనిదా? పొటాషియం ఐదుండాలె, తొమ్మిది దాటింది. క్రియాటినిన్ చూడుండ్రి... మూడు నెలల సంది మిషన్ ఎక్కని మనిషిది లెక్క ఉన్నది. గిట్ల నెత్తురున్నోళ్లు నడిచి రారు సార్. గిట్లున్నోళ్లు..."



విజేందర్ కాగితం చూస్తూ నవ్వబోయాడు. "మిషన్ చూస్కోవాలె. మల్ల తియ్యి."

"తీస్త సార్. కానీ ముందు గిది చూడుండ్రి." ఆమె ఫ్రిజ్ తెరిచింది. తెల్లటి ఆవిరి బయటికొచ్చింది. చల్లబడిన ట్యూబుల వరుసలోంచి ఒక్కటి తీసి, ఆయన అరచేతిలో పెట్టి, తన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "శుక్రవారం పొద్దున పెట్టిన. మూడు రోజులు."

విజేందర్ వేళ్లు ముడిచాడు. ఎక్కడి నుంచో పుల్లటి గంజి వాసన.

ట్యూబు వెచ్చగా ఉంది.